రబ్బరు హెలికాప్టర్ గిరగిరా తిరుగుతోంది కానీ లేవడం లేదు, పిల్లల పోటీ దగ్గర పడింది

నకిరేకల్_సైన్స్_మేడం | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈసారి జిల్లా స్థాయి పోటీలో రబ్బరుతో ఎగిరే హెలికాప్టర్ పెట్టారు. బ్యాటరీ ఉండకూడదు, రబ్బరుకి ఎక్కించిన పురి విడిపోయే బలంతోనే లేవాలి. హాల్లో ఎగరేస్తారు. చెయ్యి వదిలినప్పటి నుంచి నేలని తాకేదాకా ఎన్ని సెకన్లుంటే అంత. బడికి రెండు అవకాశాలు. మాకు మూడు వారాల టైముంది.

తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు, ఇద్దరమ్మాయిలు ఒక అబ్బాయి, వెదురు బద్దతో ఒకటి చేశారు. బొమ్మల దుకాణంలో ఒకే రకం ప్లాస్టిక్ ఫ్యాన్లు రెండు కొన్నారు. పైదాన్ని రబ్బరు కొక్కేనికి తగిలించారు, కిందిదాన్ని బద్దకే గట్టిగా కట్టేశారు. 80 చుట్లు తిప్పి వదిలితే రెండు ఫ్యాన్లూ బాగానే తిరుగుతున్నాయి, చప్పుడు కూడా వస్తోంది. కానీ రాయి పడ్డట్టు కింద పడుతోంది. కింది ఫ్యాన్ తలకిందులు చేసి బిగించినా అదే తీరు. పిల్లలు బాగా డీలా పడిపోయారు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

పాలమూరు_మెకానికల్ | శనివారం, రాత్రి 9:48

మేడం, మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. "ఒకే రకం ఫ్యాన్లు రెండు" అన్నారు చూడండి, తప్పు అక్కడే జరిగింది.

పురి ఎక్కిన రబ్బరు పై ఫ్యాన్‌ని ఒక దిక్కుకి తిప్పుతుంది. అంతే బలంతో బద్దని, దానికి కట్టిన కింది ఫ్యాన్‌ని రెండో దిక్కుకి తిప్పుతుంది. న్యూటన్ మూడో నియమం, మీరు పిల్లలకి చెప్పేదే. ఇప్పుడు రెండు ఫ్యాన్ల మరా, అంటే రెక్కలు మెలి తిరిగిన దిక్కు, ఒకటే అయి, తిరిగే దిక్కులు ఎదురెదురైతే ఏమవుతుంది? ఒకటి గాలిని కిందికి తోస్తుంది, ఇంకోటి పైకి తోస్తుంది. రెండూ కొట్లాడుకుని సున్నా అవుతాయి.

తలకిందులు చేస్తే సరిపోతుందని అందరం అనుకుంటాం, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒక బోల్టు చేతిలోకి తీసుకుని పిల్లలకి చూపించండి. తల పైకి పట్టుకున్నా కిందికి పట్టుకున్నా దాని మర మారదు. ఫ్యాన్ కూడా అంతే. మీకు కావలసింది అద్దంలో కనబడే ఫ్యాన్, అంటే ఎదురు మర ఉన్నది.

ఒక అగర్‌బత్తి వెలిగించండి. ఒకరు హెలికాప్టర్‌ని గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు ఒక్కో ఫ్యాన్‌నీ అది ఎగిరేటప్పుడు తిరిగే దిక్కుకే వేలితో తిప్పాలి. రెండింటి దగ్గరా పొగ కిందికే పోవాలి.

నకిరేకల్_సైన్స్_మేడం | ఆదివారం, ఉదయం 11:05

సార్, పొద్దున్నే ముగ్గుర్నీ ఇంటికి పిలిచి అగర్‌బత్తి పెట్టి చూశాం. పై ఫ్యాన్ దగ్గర పొగ కిందికి, కింది ఫ్యాన్ దగ్గర పైకి. అది చూసి పిల్లలు ఎగిరి గంతేశారు. లేవకపోవడానికి కారణం కళ్లముందు కనబడింది కదా. ఎదురు మర ఫ్యాన్ మాత్రం ఇక్కడ ఎక్కడా దొరకలేదు. ఆన్‌లైన్లో ఒక చోట సెట్ ఆర్డర్ పెడదామనుకుంటే పోటీ అయిపోయాక వస్తుందట.

మిర్యాలగూడ_పతంగి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మేడం, కొనకండి, రెక్కలు మీరే చేసుకోండి. నాకు చిన్నప్పటి నుంచి పతంగులు కట్టడం అలవాటు, ఈ హెలికాప్టర్లు కూడా నాలుగైదు చేశాను.

మామూలు ఏ4 కాగితంతో 12 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు నాలుగు కోయండి. పల్చటి గంజిలో ముంచి తీయండి. లీటరు నీళ్ల బాటిల్‌కి చుట్టి దారంతో కట్టండి. చుట్టేటప్పుడు ముక్క నిలువుగా ఉండొద్దు, కొంచెం వాలుగా, 15 డిగ్రీలు అనుకోండి. రెండు ముక్కలు కుడికి వాల్చండి, రెండు ఎడమకి వాల్చండి. అక్కడే మీకు ఎదురు మర వచ్చేస్తుంది. నీడన ఆరబెడితే పొద్దుటికి గంజి బిగుసుకుని రెక్క అదే మెలికతో నిలబడుతుంది. కుడివాటికి ఒక రంగు, ఎడమవాటికి ఒక రంగు చుక్క పెట్టుకోండి. లేకపోతే కలిసిపోతాయి, నాకు రెండుసార్లు కలిసిపోయాయి.

బిగించేటప్పుడు రెక్క మొదలు దగ్గర వాలు ఎక్కువ, చివర తక్కువ ఉండేలా చూడండి. చివర వేగంగా తిరుగుతుంది కాబట్టి దానికి తక్కువ వాలు చాలు. మధ్యలో 20 డిగ్రీలతో మొదలుపెట్టి అటూ ఇటూ మార్చి చూసుకోండి.

కల్వకుర్తి_డ్రోన్ | ఆదివారం, సాయంత్రం 6:10

నా సలహా ఏంటంటే సైజు పెంచండి. రెట్టింపు పెద్దది చేసి రెట్టింపు రబ్బరు వేస్తే ఇంకా బాగా లేస్తుంది కదా.

దేవరకొండ_ఇంటర్_బైపీసీ | ఆదివారం, సాయంత్రం 6:42

అన్నా, ఆ పని చేసి పోయినేడు మేమే చెడిపోయాం. పదో తరగతిలో నేను, మా దోస్తు కలిసి ముందు చిన్నది చేశాం, 9 సెకన్లు ఎగిరింది. పోటీకి రెండింతలు పెద్దది చేసుకుని పోయాం. మోకాలెత్తు కూడా లేవలేదు. అందరి ముందూ ఏడుపొచ్చినంత పనైంది.

పాలమూరు_మెకానికల్ | ఆదివారం, రాత్రి 8:15

దేవరకొండ తమ్మీ, నీకు జరిగిందే రైట్ సోదరులకీ జరిగింది. 1870లో అల్ఫోన్స్ పెనో అనే ఇరవై ఏళ్ల ఫ్రెంచ్ కుర్రాడు మెలితిప్పిన రబ్బరుతో ఎగిరే జంట రెక్కల హెలికాప్టర్ బొమ్మ చేశాడు. 1878లో అలాంటి బొమ్మనే రైట్ సోదరుల తండ్రి ఇంటికి తెచ్చి పిల్లలకి ఇచ్చాడు. అప్పటికి విల్బర్‌కి 11 ఏళ్లు, ఓర్విల్‌కి 7. ఆ బొమ్మ విరిగిపోయాక వాళ్లే సొంతంగా చేసుకున్నారు. చిన్నవి ఎగిరాయి, పెద్దవి చేసినకొద్దీ ఎగరలేదు. కొలతలు రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలన్న సంగతి అప్పట్లో తమకి తెలియదని పెద్దయ్యాక వాళ్లే రాశారు. పొడవు, వెడల్పు, మందం మూడూ రెట్టింపైతే ముందు బరువే ఎనిమిది రెట్లవుతుంది మరి.

అయితే కల్వకుర్తి అన్న మాటలో సగం నిజం ఉంది, దాన్ని వదులుకోవద్దు. బరువు పెరగకుండా రెక్కల చుట్టు మాత్రం పెద్దదైతే లాభమే. కొంచెం గాలిని గట్టిగా తోయడం కన్నా ఎక్కువ గాలిని మెల్లగా తోస్తే తక్కువ శక్తి ఖర్చవుతుంది. లెక్క ప్రకారం బరువు అంతే ఉండి చుట్టు వ్యాసం రెట్టింపైతే గాలిలో నిలవడానికి సగం శక్తి చాలు. బరువు మూడో వంతుకి తగ్గితే శక్తి అయిదో వంతుకి పడిపోతుంది. అందుకే ముందు బరువు మీద పడండి. మేడం, మీది ఇప్పుడు ఎంత తూగుతోంది?

నకిరేకల్_సైన్స్_మేడం | సోమవారం, సాయంత్రం 5:50

బడిలో ఉన్న తక్కెడ గ్రాముల దగ్గర పనికిరాదు. నల్లగొండ పోయినప్పుడు తెలిసిన బంగారం షాపాయనని అడిగితే సంతోషంగా కాంటా మీద పెట్టి చూశారు. 20.14 గ్రాములు! అందులో వెదురు బద్దే 8 గ్రాములు దాటింది. విడిగా ఒక్కోటీ తూచుకోమని ఆయనే చెప్పారు. మా అమ్మాయి చీటీ మీద అన్నీ రాసుకుంది, అతుకు పెట్టిన గమ్ము 1.3 గ్రాములని కూడా.

మిర్యాలగూడ_పతంగి | సోమవారం, రాత్రి 7:25

గమ్ము దగ్గరే చాలామంది మోసపోతారు మేడం. చుక్క సరిపోయే చోట ముద్ద పెడతారు.

వెదురు తీసెయ్యండి. రబ్బరు ఒక పక్క నుంచి లాగుతుంటే బద్ద విల్లులా వంగుతుంది, అది ఆగాలంటే లావుది కావాలి, లావైతే బరువు. దీనికి మందు కాగితం గొట్టం. రబ్బరు గొట్టం లోపల నుంచి పోతే లాగుడు సరిగ్గా నడిమధ్యలో పడుతుంది, వంగదు. ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు. దాన్ని పొడుగ్గా నాలుగు పట్టీలు చేస్తే ఒకటి గ్రాముంబావు. ఆ పట్టీని లావు స్కెచ్ పెన్నుకి చుట్టి అంచు అతికించండి. ఎంత బలం ఉంటుందో రెండు చేతులతో నొక్కి చూడండి, నమ్మలేరు.

రెండు చివర్లకీ బిరడాలు కావాలి. పెళ్లిళ్లకి బాసింగాలు చేసే బెండు ఉంటుంది చూడండి, అది వాడండి, దూదిలా తేలిక. పై బిరడాలో అయిపోయిన రీఫిల్ ముక్క ఒక సెంటీమీటరు గుచ్చండి. అందులోంచి జెమ్ క్లిప్ తీగ పోతుంది. తీగకీ రీఫిల్‌కీ మధ్య నున్నటి గాజు పూస ఒకటి వేస్తే రాపిడి పోతుంది. కింది రెక్కలు మాత్రం గొట్టానికే గట్టిగా అతకాలి, గొట్టంతో పాటే తిరగాలి.

పోచంపల్లి_కదురు | సోమవారం, రాత్రి 9:40

అందరూ రెక్కల గురించి చెబుతున్నారు, నేను రబ్బరు గురించి చెబుతాను. మాది మగ్గం ఇల్లు. పురి అంటే మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట.

దారానికి పురి ఎక్కువైతే అది తన మీద తానే మెలికలు పడుతుంది. మగ్గం మీద అది తప్పు, దారం తెగుతుంది. మీ రబ్బరుకి అదే బలం. మొదట సన్నటి మెలికలు వరసగా వస్తాయి, ఇంకా తిప్పితే ఆ మెలికల మీద మళ్లీ లావు మెలికలు పడతాయి. 80 చుట్లతో మీకు మొదటి వరస కూడా నిండి ఉండదు. మా మేనల్లుడి హెలికాప్టర్‌కి నేను తిప్పి పెట్టాను కాబట్టి చూసి చెబుతున్నాను.

రబ్బరు వదులుగా ఉంచి ఎప్పుడూ తిప్పొద్దు బిడ్డా. ఒకరు ఒక చివర పట్టుకోవాలి, రెండో వాళ్లు దాన్ని నాలుగైదు రెట్లు సాగేదాకా వెనక్కి నడవాలి. అలా సాగదీసి పట్టుకునే సగం చుట్లు ఎక్కించాలి. మిగతా సగం ఎక్కిస్తూ అడుగు అడుగు ముందుకి రావాలి. దగ్గరికి వచ్చేసరికి చుట్లూ పూర్తి కావాలి, మెలికలన్నీ చీమలబారులా సమంగా ఉండాలి. ఒక చోట ముద్ద కట్టిందంటే తొందరపడ్డారని లెక్క.

ఇన్ని చుట్లు వేలితో తిప్పలేరు. మా ఇంట్లో కండెలు చుట్టే రాట్నం వాడాను. కదురు కొసకి చిన్న కొక్కెం బిగించి రబ్బరు తగిలించాను. కదురు మీద సుద్దతో గీత పెట్టి లెక్కపెడితే మా రాట్నం చక్రం ఒక చుట్టు తిరిగేసరికి కదురు 28 చుట్లు తిరుగుతోంది. చక్రం 20 సార్లు తిప్పితే 560. మీ దగ్గర రాట్నం లేకపోతే వడ్రంగుల చేతి డ్రిల్ అడగండి.

ఇంకొక మాట. ముందు మూడు రబ్బర్లు కావాలని తెగేదాకా తిప్పండి. ఎన్నో చుట్టుకి తెగిందో రాసుకోండి. పోటీ రోజు అందులో అయిదింట నాలుగు వంతులు మించొద్దు. తెంపడానికి పిల్లలు భయపడతారు. తెంపనివ్వండి.

నకిరేకల్_సైన్స్_మేడం | మంగళవారం, రాత్రి 8:30

అన్నా, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. పిల్లలకి మొత్తం చదివి వినిపించాను. ఒక అమ్మాయి వాళ్ల తాతది కూడా మగ్గమేనట. రాట్నం అటక మీద ఉందని రేపు తెస్తానంది.

రెండు అనుమానాలు. సైకిల్ ట్యూబ్ సన్నగా కోసి వాడొచ్చా? రబ్బరుకి నూనె రాయాలంటున్నారు, ఏ నూనె?

పాలమూరు_మెకానికల్ | మంగళవారం, రాత్రి 9:12

ట్యూబ్ వద్దు మేడం. ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరువి. గాలిని బాగా పట్టి ఉంచుతుంది కానీ, దానికి ఎక్కించిన శక్తిలో చాలా భాగం వేడి కింద పోగొట్టి మిగిలిందే తిరిగిస్తుంది. సహజ రబ్బరు చాలా మెరుగు. ఏరోమోడలింగ్ రబ్బరు, అంటే ఎగిరే విమాన నమూనాలకి వాడేది, దొరికితే సంతోషం. దొరక్కపోతే స్టేషనరీ షాపులో కొత్త స్టాకు బ్యాండ్లు కొనండి. వేలితో సాగదీసి వదిలితే టక్కున వెనక్కి రావాలి, అంచుల్లో పగుళ్లు ఉండకూడదు. ఎండ తగిలే చోట వేలాడదీసిన ప్యాకెట్ మాత్రం తీసుకోవద్దు, ఎండకీ గాలికీ రబ్బరు పాడైపోతుంది. ఇంట్లో కూడా డబ్బాలో, చీకట్లో పెట్టండి.

నూనె సంగతికొస్తే పెట్రోలియం నూనెలు, గ్రీజు, వాజెలిన్ రాయొద్దు. సహజ రబ్బరు వాటిని పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది. మన దగ్గర ఉన్నదే మంచిది, ఆముదం! నల్లగొండ, పాలమూరు చేలల్లో మన తాతలు పండించిన పంట. పాతకాలపు బండ్ల బ్రేకుల్లో ఆముదం కలిపిన నూనే పోసేవాళ్లు, సహజ రబ్బరు వాషర్లని అది పాడు చేయదని. రెండు చుక్కలు వేళ్లకి రాసుకుని రబ్బరు పొడుగునా నిమరండి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. ముడి మాత్రం నూనె రాయకముందే వేయాలి, తర్వాత వేస్తే జారిపోతుంది.

నకిరేకల్_సైన్స్_మేడం | ఆదివారం, ఉదయం 10:40

లేచింది! నిన్న సాయంత్రం బడి వరండాలో మొదటిసారి 7 సెకన్లు. పిల్లల కేకలకి పక్క వీధి వాళ్లు వచ్చారు. రబ్బరుతో సహా బరువు 6.7 గ్రాములకి వచ్చింది, మొదటి దానిలో మూడో వంతు. ఇవాళ పొద్దున్న ఊళ్లో ఫంక్షన్ హాల్ వాళ్లని అడిగి తాళం తీయించుకున్నాం. ఫ్యాన్లన్నీ ఆపించి, తలుపులు మూసి ఎగరేశాం. 16 సెకన్లు, 19 సెకన్లు. మూడోసారి రాట్నంతో నిండా తిప్పి వదిలితే నేరుగా పోయి సీలింగ్ ఫ్యాన్ రాడ్‌కి కొట్టుకుంది. ఒక రెక్క చిరిగింది. ఎక్కువ తిప్పితే పైకి కొట్టుకుంటోంది, తక్కువ తిప్పితే టైము రావడం లేదు. ఏం చేయాలి?

మిర్యాలగూడ_పతంగి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నిండా తిప్పిన రబ్బరుకి మొదటి రెండు మూడు సెకన్లు మహా ఊపు ఉంటుంది. తర్వాత చాలాసేపు నిలకడగా ఇస్తుంది, చివర్లో నీరసపడుతుంది. మీకు కావలసింది నడుమ భాగం. అందుకే నిండా తిప్పి, అక్కడి నుంచి ఓ 30, 40 చుట్లు వెనక్కి వదలండి. నిండా ఎక్కించి తగ్గించడం వేరు, మొదటే తక్కువ ఎక్కించడం వేరు. ఈ తేడా మీ హాల్లో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంకొంచెం సన్న రబ్బరు, పొడుగ్గా వేసి చూడండి. సన్నదానికి ఎక్కువ చుట్లు పడతాయి, ఊపు మెత్తగా వస్తుంది. వదిలేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి తీయాలి, పై రెక్కని ఒక్క రెప్పపాటు ముందు వదిలినా ఫర్వాలేదు. పైకి తోయొద్దు. తోస్తే వంకరగా పోతుంది.

దేవరకొండ_ఇంటర్_బైపీసీ | ఆదివారం, మధ్యాహ్నం 1:50

మేడం, రెండో సెట్ రెక్కలు, అయిదారు రబ్బర్లు ముడి వేసి, నూనె రాసి డబ్బాలో పెట్టుకుని పోండి. మేం ఒక్కటే తీసుకుపోయాం.

నకిరేకల్_సైన్స్_మేడం | శుక్రవారం, రాత్రి 10:05

ఇప్పుడే నల్లగొండ నుంచి ఇల్లు చేరాం. నిద్ర రావడం లేదు, మీకు చెప్పకుండా పడుకోలేను.

మొదటి అవకాశంలో రబ్బరు తిప్పుతుండగానే తెగింది. 440 దగ్గర. మా ముగ్గురి ముఖాలూ పాలిపోయాయి. నాకూ చేతులు చల్లబడ్డాయి. కానీ మా చిన్నమ్మాయి అసలు కంగారు పడలేదు. డబ్బా తెరిచి ఇంకోటి తీసి, ఆముదం వేళ్లతో నిమిరి, మళ్లీ వెనక్కి నడిచింది. ఆ పిల్లే ఫంక్షన్ హాల్లో నాలుగు రబ్బర్లు కావాలని తెంపింది. ఎగరకముందే తెగితే అవకాశం పోయినట్టు కాదని జడ్జిలు చెప్పారు. 420 దాకా ఎక్కించి 35 వెనక్కి వదిలారు. హెలికాప్టర్ మెల్లగా లేచి, సీలింగ్‌కి మూరెడు కింద ఆగిపోయినట్టు నిలబడింది. హాలంతా నిశ్శబ్దం. దిగేటప్పుడు కూడా రెక్కలు తిరుగుతూనే దిగింది. 27 సెకన్లు. రెండోసారి 24. మొత్తం మీద రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వాళ్లది 33 సెకన్లు. వాళ్లది చూడటానికి పిల్లలే పరుగెత్తారు, బాల్సా అనే చాలా తేలికైన కర్రతో చేశారట, చేత్తో పట్టుకుని చూసి వచ్చారు.

పోచంపల్లి అన్నా, రాట్నం చూసి జడ్జి ఒకాయన ఇదెందుకని అడిగారు. మా అబ్బాయి కదురు మీద సుద్ద గీత చూపించి లెక్క చెప్పాడు. మేం తెచ్చిన ఆ తాత రాట్నానికి చక్రం ఒక చుట్టుకి కదురు 24 చుట్లు వస్తోంది.

పోచంపల్లి_కదురు | శుక్రవారం, రాత్రి 10:31

చాలా సంతోషం బిడ్డా. మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అమ్మకి ఎనభై దాటాయి, రాట్నంతో హెలికాప్టర్ ఎగిరిందంటే రెండోసారి చదవమంది.

నకిరేకల్_సైన్స్_మేడం | శనివారం, ఉదయం 8:15

పొద్దున్నే చిన్నమ్మాయి ఇంటికొచ్చింది. దాని ప్రశ్న ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మేడం, పై రెక్కలు పెద్దవి, కింది రెక్కలు చిన్నవి పెడితే ఏమైతది? రెండూ ఒకే స్పీడుతో తిరుగుతాయా?"

పాలమూరు_మెకానికల్ | శనివారం, ఉదయం 8:52

తిరగవు. రబ్బరు రెండు వైపులా మెలితిప్పే బలం ఎప్పుడూ సమానమే, కాబట్టి చిన్నవి ఎక్కువ వేగంగా, పెద్దవి మెల్లగా తిరుగుతాయి. ఎంత తేడా వస్తుందో ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి, రెండింటికీ ఒక్కో రెక్క మీద రంగు చుక్క పెట్టి లెక్కపెట్టమనండి. లెక్క తేలాక ఇక్కడ పెట్టండి మేడం, నేనూ ఇక్కడ ఒకటి చేస్తాను.